మా అమ్మని మాట్లాడనిచ్చిన డాక్టరమ్మ: గుంటూరు కొత్తపేటలో ఒక క్లినిక్

నేను తెనాలిలో మెడికల్ షాపు నడుపుతాను. ఫార్మసీ చదివి, పెళ్ళయ్యాక పెట్టుకున్న షాపు. 19 ఏళ్ళయింది. డాక్టరు రోగితో ఎంతసేపు మాట్లాడారో చీటీ చూస్తే తెలియదు గానీ, చీటీ పట్టుకుని వచ్చిన మనిషిని చూస్తే తెలిసిపోతుంది. "ఇవి దేనికమ్మా? ఎన్నాళ్ళు వాడాలి?" అని నన్ను అడిగారంటే అక్కడ ఎవరూ చెప్పలేదన్నమాట. అలాంటివాళ్ళు రోజూ వస్తారు. అందుకే కొత్తపేటలో మేం చూసిన ఈ క్లినిక్ గురించి వివరంగా రాయాలనిపించింది.

క్లినిక్ పేరు రాయడం లేదు. రాస్తానంటే డాక్టరు గారే వద్దన్నారు. ఆవిడ జనరల్ ఫిజీషియన్, యాభై దాటి ఉంటారు. మా అమ్మ "డాక్టరమ్మ" అంటుంది, నేనూ అలాగే రాస్తాను.

అమ్మకి 68. తెనాలికి దగ్గర్లో పల్లెటూళ్ళో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. 11 ఏళ్ళుగా షుగరు. కిందటి కార్తీకం నుంచి కళ్ళు తిరుగుతున్నాయనడం మొదలుపెట్టింది. ఒకసారి తులసికోట దగ్గర పడిపోయి మోచెయ్యి దోక్కుపోయింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు సెలైన్ ఎక్కించారు. అప్పటికి తేరుకుంది, మళ్ళీ వచ్చింది. అప్పుడు ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు గారు అమ్మని కాదు, తమ్ముణ్ణి అడిగారు, "ఏంటి ప్రాబ్లం?" అని. "కళ్ళు తిరుగుతున్నాయండి" అన్నాడు వాడు. ఆ ఒక్క మాటతోనే పెన్ను కదిలింది. తలకి సీటీ స్కాన్, మెడకి ఎక్స్‌రే, ఈసీజీ, రక్తపరీక్షలు. స్కాన్‌లో ఏమీ లేదు. మెడ ఎముకలు అరిగాయన్నారు. ఆ వయసులో ఎక్స్‌రే తీస్తే చాలామందికి అలాగే కనిపిస్తుంది. మెడకి పట్టీ, చెవిలో బ్యాలెన్స్ కోసమని బీటాహిస్టిన్ మాత్రలు. మొత్తం పదకొండు వేల చిల్లర అయింది. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.3 శాతం వచ్చింది, "షుగరు చాలా బాగుంది" అన్నారు. ఆ మాటకి నేనూ సంతోషించాను.

కళ్ళు తిరగడం మాత్రం ఆగలేదు. జనవరిలో ఎవరో చెబితే ఈ క్లినిక్‌కి వెళ్ళాం.

లోపలికి వెళ్ళగానే ముందు గమనించింది, గదిలో మేం తప్ప వేరే పేషెంటు లేరు. చాలాచోట్ల ఒకరు బల్ల మీద పడుకుని ఉంటే ఇంకొకరు కుర్చీలో, మరొకరు గుమ్మంలో ఉంటారు. ఇక్కడ తలుపు వేశారు. పేషెంటు కుర్చీ బల్లకి అవతల కాకుండా పక్కనే, డాక్టరమ్మ మోకాలికి దగ్గరగా ఉంది. నేను ఫైలు చాచాను. ఆవిడ తీసుకుని బల్ల మీద పక్కన పెట్టి, "ఇవన్నీ తర్వాత చూస్తాను. ముందు అమ్మగారు చెప్పాలి" అన్నారు. నేను అలవాటుగా అందుకుని "అదేనండీ, కార్తీకం నుంచి..." అన్నాను. "మీరు చెప్పేదీ వింటానమ్మా, ఆవిడ అయ్యాక" అన్నారు. గొంతులో విసుగు లేదు. అమ్మ వైపు తిరిగి, "చెప్పండమ్మా, ఒంట్లో ఎలా ఉంటోంది? మొదటి నుంచీ చెప్పండి" అన్నారు.

అమ్మ నిజంగానే మొదటి నుంచీ చెప్పింది. తులసికోట, మనవడి జలుబు, గేదెని అమ్మేయడం, నిద్ర పట్టకపోవడం, సోమవారం గుడి నుంచి వచ్చి అరుగు మీద కూలబడటం, కోడలు కాఫీ ఇవ్వడం. బయట ఎంతమంది ఉన్నారో తెలుసు కాబట్టి నాకు టెన్షన్‌గా ఉంది. డాక్టరమ్మ పెన్ను ముట్టుకోలేదు. "ఊఁ" అంటున్నారు, "తర్వాత?" అంటున్నారు. గోడ గడియారం చూశాను. అమ్మ తనంతట తాను ఆగేసరికి మూడు నిమిషాలు దాటలేదు. నాకు మాత్రం అరగంట అయినట్టు అనిపించింది.

ఈ మూడు నిమిషాల సంగతి మా అక్క కొడుక్కి చెబితే, ఎంబీబీఎస్ చదువుతున్నాడు, వాడొక పాత పరిశోధన చెప్పాడు. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు 74 మంది రోగులు డాక్టర్లతో మాట్లాడిన మాటలు రికార్డు చేసి విన్నారట. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్లు అడ్డం వచ్చారట. 18 సెకన్లలో మా అమ్మ తులసికోట కూడా దాటదు. అసలు సంగతి సోమవారం దగ్గర ఉంది.

ఆ సోమవారాన్ని డాక్టరమ్మ వెంటనే పట్టుకుని అడగలేదు. ముందు ఇలా అడిగారు: "కళ్ళు తిరగడం అంటే ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందమ్మా. మీకు గది అంతా గిర్రున తిరిగినట్టుంటుందా? కళ్ళు బైర్లు కమ్మి పడిపోతానేమో అనిపిస్తుందా? లేకపోతే నడుస్తుంటే కాళ్ళు తూలతాయా?"

అమ్మ ఆలోచించింది. "గది తిరగదమ్మా. కళ్ళకి చీకట్లు కమ్ముతాయి. ఒళ్ళంతా చెమటలు పట్టి చేతులు వణుకుతాయి. గుండెదడ. ఏదన్నా నోట్లో వేసుకుంటే తగ్గుద్ది."

నాకు ఒళ్ళు జల్లుమంది. ఏదన్నా నోట్లో వేసుకుంటే తగ్గుతుందన్న ముక్క మూడు నెలలుగా మా ఎవరికీ చెప్పలేదు. అది చెవి జబ్బు కాదు, మెడ కాదు. షుగరు పడిపోతోంది. షుగరు మాత్రలు అమ్మే నాకు ఆ నాలుగు లక్షణాలూ నిద్రలో లేపి అడిగినా నోటికి వస్తాయి. కానీ నేను అమ్మని ఎప్పుడూ ఇలా అడగలేదు. "కళ్ళు తిరుగుతున్నాయా ఇవాళ?" అనే అడిగాను.

తర్వాతి ప్రశ్న నేను చాలాసార్లు తలుచుకున్నాను. "నా దగ్గరకి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది వారంలో ఒక రోజు ఒక్కపొద్దు ఉంటారమ్మా. మీరు కూడా ఏమన్నా పట్టారా?" అన్నారు. "ఉపవాసాలు చేస్తున్నారా?" అని అడిగి ఉంటే అమ్మ లేదనేది, అది నాకు తెలుసు. తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని వినేసరికి ఒకసారి నా వంక చూసి, తల దించుకుని చెప్పింది. పదహారు సోమవారాలు మొక్కుకుంది. కార్తీకంలో మొదలుపెట్టింది. పొద్దుట్నుంచి ఏమీ తినకుండా సాయంత్రం దీపం పెట్టాక తింటుంది. మొక్కు దేనికో ఇక్కడ రాయను, అది అమ్మ సొంత విషయం.

"మరి ఆ రోజు పొద్దున మాత్ర?"

"వేసుకుంటానమ్మా. మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదన్నారుగా."

అమ్మ వాడేది గ్లిమెపిరైడ్. మనం తిన్నా తినకపోయినా అది క్లోమగ్రంథిని ఇన్సులిన్ విడుదల చెయ్యమంటూనే ఉంటుంది. అందుకే ఆ మాత్ర వేసుకున్నాక తిండి తప్పనిసరి. చీటీ మీద "1-0-0, బీబీఎఫ్" అని ఉంటుంది, టిఫినుకి ముందు అని అర్థం. టిఫిను లేని రోజు ఏం చెయ్యాలో అందులో ఉండదు. అమ్మ డాక్టర్ల మాట జవదాటలేదు, అక్షరాలా పాటించింది. ఆ "మానకూడదు" అన్న మాట నేను కూడా కౌంటర్ దగ్గర రోజూ అంటాను. 6.3 గురించి కూడా డాక్టరమ్మే విప్పి చెప్పారు. అది మూడు నెలల సగటు మాత్రమే, కొన్ని రోజులు ఎక్కువగా, కొన్ని రోజులు మరీ తక్కువగా ఉన్నా సగటు బాగానే కనిపించవచ్చు, ఈ వయసులో ఈ మాత్ర మీద అంత తక్కువ ఉంటే పడిపోతోందేమోనని అడిగి చూడాలి అన్నారు.

నేను ఉండబట్టలేక "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అనేశాను. డాక్టరమ్మ నా వైపు చూసి, మెల్లిగా "మనం అడగలేదు కదమ్మా" అన్నారు. మనం అన్నారు, మీరు అనలేదు. అప్పుడు అమ్మ చెప్పింది, రెండేళ్ళ క్రితం ఇంకో డాక్టరు గారు ఏకాదశి ఉపవాసం మాట వింటే "చావాలనుందా?" అని కసిరారట. ఆ రోజు నుంచి డాక్టర్ల ముందు దేవుడి సంగతి ఎత్తకూడదని అనుకుందట. ఆయన అమ్మ మంచికే అని ఉంటారు. కానీ ఆ ఒక్క కసురు తర్వాత అమ్మ తిండి గురించిన నిజం ఏ డాక్టరుకీ చెప్పలేదు. దాని ఖరీదు మోచెయ్యితో పోయింది. రోడ్డు మీదో, బావి దగ్గరో పడి ఉంటే?

డాక్టరమ్మ మొక్కు మానమనలేదు. "ఇంకా ఎన్ని సోమవారాలు?" అన్నారు. నాలుగు. "మీ మొక్కులో పాలు, పండ్లు తీసుకోవచ్చా?" తీసుకోవచ్చు, అన్నమే కూడదు. "అయితే ఆ నాలుగూ పూర్తి చేద్దాం" అని, గ్లిమెపిరైడ్ తీసేసి షుగరు అంతగా పడెయ్యని వేరే మాత్ర రాశారు. సోమవారాలు పొద్దున పాలు, మధ్యాహ్నం పండు, రెండుసార్లు గ్లూకోమీటరుతో చూసుకోవడం. 70 కన్నా తగ్గినా, చెమటలు, వణుకు వచ్చినా మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి. ఇది మా అమ్మకి రాసిన వైద్యం. చదివినవాళ్ళు మీ మాత్రలు మీరే ఆపేయకండి, మీ డాక్టరుతో మాట్లాడండి.

ఇంతటితో లేవబోతున్నాం. "ఆగండమ్మా, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటికెళ్ళాక మీ కోడలు అడుగుతుంది కదా డాక్టరమ్మ ఏం చెప్పిందని, ఏం చెబుతారు?" అన్నారు. అమ్మ ధైర్యంగా మొదలుపెట్టింది. పాలు, పండు బాగానే చెప్పింది. "చెమటలు పడితే ఈ కొత్త మాత్ర వేసుకోవాలి" అంది. నా గుండె ఆగినంత పనైంది. డాక్టరమ్మ అమ్మని తప్పు పట్టలేదు. "నేనే రెండూ ఒకేసారి చెప్పి కలిపేశాను" అని, ఒక కాగితం మీద తెలుగులో రాస్తూ మళ్ళీ చెప్పారు. చెమటలు పడితే పంచదార. మాత్ర కాదు. మళ్ళీ చెప్పించారు. ఈసారి సరిగ్గా వచ్చింది. "అర్థమైందా?" అని అడిగి ఉంటే అమ్మ తల ఊపేది. మా షాపులో నేను 19 ఏళ్ళుగా "అర్థమైందా?" అనే అడిగాను, అందరూ తల ఊపారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మాటల మధ్యలో ఆవిడ "ఇంకేమైనా ఉన్నాయా?" అనలేదు. "ఇంకా ఏవో చెప్పాలనుకుని వచ్చి ఉంటారు, అవీ చెప్పండి" అన్నారు. "ఏమైనా ఉన్నాయా" అంటే మనవాళ్ళు మొహమాటానికి "లేవండి" అనేస్తారు. అమ్మ మాత్రం అరికాళ్ళ మంటల గురించి అప్పుడే చెప్పింది. వెంటనే చెప్పులు విప్పించి, సన్నటి నైలాన్ దారం లాంటిదానితో పాదాల మీద తాకిస్తూ స్పర్శ చూశారు.

చీటీ అంతా పెద్ద అక్షరాల్లో ఉంది. మందుల పేర్లు జనరిక్‌లో, స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని అప్పటి మెడికల్ కౌన్సిల్ 2016లోనే నిబంధన పెట్టింది. పాటించేవాళ్ళు ఎంతమందో మా కౌంటర్ దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఈ చీటీలో ప్రతి మందు పక్కనా దేనికో తెలుగులో రెండు మాటలు కూడా ఉన్నాయి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కాదు. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. అలాంటి మందు చీటీలో ఇంగ్లీషు పొట్టి అక్షరాలతో వస్తే, "వారంలో ఏ రోజు వేసుకుంటావు బాబాయ్?" అని అడిగి, ఆ రోజు పేరు కవరు మీద రాసి ఇచ్చేదాకా నాకు మనసు నిలవదు.

తర్వాత మా పక్క షాపులో బట్టలు కుట్టే అమ్మాయిని కూడా ఇక్కడికి తీసుకెళ్ళాను. వెంట అత్తగారు వచ్చారు. ప్రతి ప్రశ్నకీ అత్తగారే జవాబు చెప్పడం మొదలుపెట్టారు. డాక్టరమ్మ అంతా విని, "పెద్దమ్మగారూ, అమ్మాయిని పరీక్ష చెయ్యాలి, మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండి" అన్నారు. నన్ను కూడా బయటికి పంపారు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు. తిరుగుబస్సులో ఆ అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని చాలా రోజుల తర్వాత తేలిగ్గా నవ్వింది.

ఇక ఇబ్బందులు. మొదటిది నిరీక్షణ. మా టోకెన్‌కి తొమ్మిదిన్నర అన్నారు, లోపలికి వెళ్ళింది 12.10కి. లోపల మేం ఉన్నది 14 నిమిషాలు. ఒక్కొక్కరికీ అంత ఇస్తే బయట అంత ఆలస్యం తప్పదు, కానీ ఆ మాట ముందే చెప్పవచ్చు. షుగరు పేషెంట్లని తిండి వేళ దాటేదాకా కూర్చోబెట్టడం మంచిది కాదు. రెండోది, బయట ఉండే అటెండరు. టోకెన్ పిలుస్తూ "మూత్రం మంట ఎవరండీ?" అని హాలంతా వినిపించేలా అరిచాడు. లోపల అంత జాగ్రత్తగా తలుపు వేసి మాట్లాడే చోట, గుమ్మంలో ఇది. మూడోది, మెట్లు. పై అంతస్తులో క్లినిక్, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం.

నాలుగోది డాక్టరమ్మదే. మూడోసారి వెళ్ళినప్పుడు బాగా రద్దీగా ఉంది. కిడ్నీల పరీక్ష రిపోర్టు చూసి "క్రియాటినిన్ కొంచెం బార్డర్‌లో ఉంది, చూద్దాం" అని తర్వాతి పేషెంటుని పిలిచారు. ఆ "చూద్దాం" పట్టుకుని అమ్మ రెండు రాత్రులు నిద్రపోలేదు. కిడ్నీలు పోయాయని, డయాలసిస్ అని, తమ్ముడికి అప్పులని ఏడ్చింది. మధ్యాహ్నం రెండు నుంచి మూడు మధ్య ఫోను తీస్తారు కాబట్టి చేశాను. సర్దిచెప్పుకోలేదు. "తప్పు నాదే, సగం చెప్పి వదిలేశాను. ఫోను అమ్మగారికివ్వండి" అన్నారు. కిడ్నీలు పనిచేస్తున్నాయని, నొప్పి బిళ్ళలు ఇష్టం వచ్చినట్టు వేసుకోవద్దని, మూడు నెలలకి మళ్ళీ పరీక్ష చేద్దామని నిదానంగా చెప్పారు. అమ్మ ఆ రాత్రి పడుకుంది. ఎంత మంచి డాక్టరైనా హడావిడిలో ఒక్క సగం మాట వదిలితే ఇంట్లో ఏం జరుగుతుందో అప్పుడు చూశాను.

అంత టైం అందరికీ ఎక్కడుంటుంది అని అడిగేవాళ్ళుంటారు. నిజమే. 2017లో 67 దేశాల లెక్కలు కలిపిన ఒక పరిశోధన వచ్చింది. మామూలు జబ్బులకి వెళ్ళినప్పుడు డాక్టరు ఇచ్చే సమయం స్వీడన్‌లో సగటున 22 నిమిషాల పైన, బంగ్లాదేశ్‌లో నిమిషం కూడా లేదు, మన దేశంలో రెండు నిమిషాలు. పెద్దాసుపత్రి ఓపీలో వరస చూసినవాళ్ళెవరూ అక్కడి డాక్టర్లని నిందించలేరు. కానీ అమ్మ దగ్గర అసలు సంగతి బయటపెట్టినవి మూడు ప్రశ్నలు. ఎలా ఉంటోంది, కళ్ళు తిరగడమంటే ఏమిటి, ఒక్కపొద్దులున్నాయా. రెండు నిమిషాల్లోనైనా వాటిలో ఒకటి అడగవచ్చు. స్కాన్‌కి మాకు ఒక పూటంతా పట్టింది. 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో మాట్లాడటం, నైతికత, నడవడిక కలిపి "ఎట్‌కామ్" అని ఒక పాఠంగానే పెట్టారట. మా అక్క కొడుకు అది చెప్పినప్పుడు నాకు ఎంత ఊరటగా అనిపించిందో. పరీక్షకి చదివి వదిలేయకురా అన్నాను.

వెళ్ళేవాళ్ళకి: ఫీజు 400, పది రోజుల్లో మళ్ళీ చూపించుకుంటే తీసుకోరు. పరీక్షలు ఎక్కడైనా చేయించుకోమంటారు, ఫలానా ల్యాబే అనరు. టోకెన్ ఫోను పొద్దున ఏడింటి నుంచి, అరగంటలో అయిపోతాయి. తినడానికి ఏదైనా వెంట తీసుకెళ్ళండి. వాడుతున్న మందులన్నీ స్ట్రిప్పులతో సహా సంచిలో వేసుకెళ్ళండి, ఆవిడ ఒక్కొక్కటీ చేతికిచ్చి "ఇది ఎప్పుడు వేసుకుంటున్నారు?" అని అడుగుతారు. అయిదు చుక్కల్లో నాలుగున్నర ఇస్తాను. అటెండరు గొంతు తగ్గిస్తే అయిదు.

అమ్మ పదహారో సోమవారం ఫిబ్రవరిలో అయింది. ఆ నాలుగు వారాల్లో ఒక్కసారి 74 చూపించింది, అంతకన్నా తగ్గలేదు. గుళ్ళో ఇచ్చిన ప్రసాదం చిన్న డబ్బాలో పెట్టి డాక్టరమ్మకిమ్మని పంపింది.

పోయిన వారం ఒక రైసుమిల్లు వాచ్‌మన్ గ్లిమెపిరైడ్ చీటీతో షాపుకొచ్చాడు. మామూలుగా అయితే స్ట్రిప్పు కత్తిరించి, కవరు మీద "పొద్దున 1" అని రాసి ఇచ్చేసేదాన్ని. "పొద్దున టిఫిను ఎన్నింటికి తింటావు అన్నా?" అన్నాను. "పొద్దున తిననమ్మా, రాత్రి డ్యూటీ కదా, వచ్చి పడుకుంటే మధ్యాహ్నమే లేచేది" అన్నాడు. చీటీ వెనక ఆ మాటే రాసి, మాత్ర ఇంకా మొదలుపెట్టకు, ఇప్పుడే వెళ్ళి డాక్టరు గారికి ఇది చూపించమని పంపాను. సాయంత్రానికి, మాత్ర వేళ మార్చి రాసిన చీటీతో తిరిగొచ్చాడు.